నలభై వేల కాపీల ఓటమి

1995 సెప్టెంబర్‌లో అమెరికాలో 'డియర్ యూ' అనే రాక్ ఆల్బమ్ ఒకటి విడుదలైంది. పాడింది జాబ్రేకర్ అనే ముగ్గురి బృందం. బయటికి తెచ్చింది గెఫెన్ వారి డీజీసీ, అంటే నిర్వాణ బృందం పాటను ఇంటింటికీ చేర్చిన కంపెనీ. ఆల్బమ్ నలభై వేల కాపీల చుట్టుపక్కల చతికిలబడింది. ఏడాది తిరగకుండానే బృందం విడిపోయింది. అప్పటి నుంచి ఈ కథను ఒకే తీరులో చెప్పుకుంటున్నారు. చిన్న కంపెనీల దగ్గర నిజాయితీగా బతుకుతున్న బృందం డబ్బుకు ఆశపడింది, పెద్ద కంపెనీ దాని గరుకుదనాన్ని చిత్రిక పట్టి నున్నగా చేసింది, పాతవాళ్లు అలిగి వెళ్లిపోయారు, కొత్తవాళ్లు రాలేదు. చిన్నపిల్లల నీతికథలా భలే కుదిరింది. ఇంత బాగా కుదిరిన కథను ఒకసారి తిరగేసి చూడాలి. నాకు కనబడుతున్నది వేరు. కంపెనీ ఆ పాటల జోలికి పెద్దగా పోలేదు, వాటిని తూచే రాళ్లు మార్చింది.

జాబ్రేకర్ పాడినదాన్ని ఎమో అంటారు. ఆ మాట 1980ల నడుమ వాషింగ్టన్ నగరపు హార్డ్‌కోర్ పంక్ వర్గాల్లో పుట్టింది. రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ వంటి బృందాలు రాజకీయ నినాదాలు పక్కనపెట్టి సొంత బాధను గొంతు చించుకుని పాడటం మొదలుపెడితే, దానికి తగిలించిన పేరు అది. మన చెవికి 'ఏమో' అన్నట్టు వినబడే ఆ ముద్రను, అది పడ్డ బృందాలు చాలావరకు ఇష్టపడలేదు. జాబ్రేకర్ ఆ తోవలోనే నడిచి, దానికి మంచి వచనం అబ్బిన మనిషిని తెచ్చింది. ఆ మనిషి గిటార్ వాయిస్తూ పాడే బ్లేక్ ష్వార్జెన్‌బాక్. అతనితో బేస్ వాయించే క్రిస్ బావర్‌మైస్టర్, డ్రమ్స్ మీద ఆడమ్ ఫాలర్. న్యూయార్క్‌లో మొదలై శాన్‌ఫ్రాన్సిస్కోలో స్థిరపడిన ఈ ముగ్గురూ 1990లో 'అన్‌ఫన్', 1992లో 'బివువాక్', 1994లో '24 అవర్ రివెంజ్ థెరపీ' చేశారు. మూడూ చిన్న కంపెనీల ద్వారా వచ్చినవే. అభిమానులు వేలల్లో ఉండేవారు, కానీ ఆ వేలమందీ ఆ బృందాన్ని తమ ఇంటివాళ్లుగా చూసుకున్నారు.

ఆ ఇంటికి కొన్ని కట్టుబాట్లుండేవి. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతానికి అవతలి ఒడ్డున ఉన్న బర్క్‌లీలో, గిల్మన్ వీధి 924వ నంబరులో, కుర్రకారే నడుపుకునే పాటల కొట్టం ఉంది. పెద్ద కంపెనీతో ఒప్పందం ఉన్న బృందానికి ఆ రోజుల్లో అక్కడ వేదిక ఉండేది కాదు. అక్కడే పెరిగిన గ్రీన్ డే సంతకం పెట్టగానే దానికీ తలుపు మూసుకుంది. 1994 ఫిబ్రవరిలో వచ్చిన వాళ్ల 'డూకీ' ఒక్క అమెరికాలోనే కోటికి పైగా అమ్ముడైంది, తలుపు మాత్రం అప్పట్లో తెరుచుకోలేదు. దీన్ని వట్టి మడి అనుకుంటే పొరపాటు, దాని వెనక లెక్క ఉంది. రికార్డింగ్ ఇంజనీర్ స్టీవ్ ఆల్బినీ 1993లో ఒక వ్యాసం రాసి ఆ లెక్కను అణాపైసలతో సహా బయటపెట్టాడు. నలుగురి బృందం రెండున్నర లక్షల డాలర్ల అడ్వాన్స్ తీసుకుని, రెండున్నర లక్షల కాపీలు అమ్మిందనుకుందాం. మేనేజరు, లాయరు, స్టూడియో, వీడియో, బస్సు ఖర్చులు పోగా ఒక్కొక్కరికీ చివరికి మిగిలేది నాలుగు వేల డాలర్ల చిల్లర. కిరాణా దుకాణంలో పనిచేస్తే దానికి మూడింతలు వస్తుందని ఆయన తేల్చాడు. '24 అవర్ రివెంజ్ థెరపీ'ని రికార్డు చేసిందీ ఆయనే. ఆల్బమ్ మీద మాత్రం తన పేరు బదులు తన పిల్లి పేరు వేయించుకున్నాడు.

1993 అక్టోబర్‌లో జాబ్రేకర్ నిర్వాణ పర్యటనలో కొన్ని కచేరీలకు ముందు వాయించింది. అంతే, గుసగుసలు. పెద్ద కంపెనీకి వెళ్లేది లేదని బ్లేక్ వేదిక మీది నుంచే చెప్పాల్సి వచ్చింది. రెండేళ్లు తిరగకుండా వెళ్లారు. ఒప్పందం పది లక్షల డాలర్లని అప్పట్లో చెప్పుకున్నారు. 1995 తొలి నెలల్లో రికార్డింగ్ జరిగింది. నిర్మాత 'డూకీ' చేసిన రాబ్ కవాలో, చోటు 'డూకీ' పుట్టిన ఫాంటసీ స్టూడియోసే. అది ఉండేది కూడా బర్క్‌లీలోనే. వెలివేసిన ఊళ్లోనే కూర్చుని, వెలికి గురైనవాళ్ల నిర్మాతతో ఆల్బమ్ చేయించుకోవడం ఎంత తెలివైన పనో నాకు తెలియదు గానీ, రెచ్చగొట్టడానికి మాత్రం ఇంతకన్నా మంచి ఏర్పాటు దొరకదు.

సరే, కంపెనీ నున్నగా చేసిందన్న ఆరోపణ సంగతి. ఆల్బమ్ వింటే తేడా ఎవరికైనా తెలుస్తుంది, అందులో దాపరికం అక్కర్లేదు. గిటార్లు పొరలు పొరలుగా మందంగా ఉంటాయి, లయ నెమ్మదించింది, బొంగురుపోయిన అరుపు స్థానంలో దాదాపు చెవి దగ్గర చెప్పుకుంటున్నట్టుండే గొంతు వచ్చింది. ఆ మార్పు బర్క్‌లీలో ఒక్క పూటలో జరిగిందా అన్నదే ప్రశ్న. బ్లేక్‌కు స్వరతంత్రులపై కాయ లేచి, ఐరోపా పర్యటన నడుమ శస్త్రచికిత్స అయింది. '24 అవర్ రివెంజ్ థెరపీ'లో ఆ ఆసుపత్రి అనుభవం మీద ఒక పాటే ఉంది కాబట్టి ఇది డీజీసీ కాగితాలకు ఎంతో ముందటి సంగతి. మునుపటిలా గొంతు చించుకునే దారి శరీరమే మూసేసింది. నెమ్మదీ, బరువూ కూడా కొత్తవి కావు. 1992 ఆల్బమ్ 'బివువాక్' చివరి పాట పది నిమిషాలు సాగుతుంది. ఇంకొకటి, నా దృష్టిలో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. ఆల్బినీ దగ్గర రికార్డు చేసిన పాటల్లో కొన్ని నచ్చక, ఈ ముగ్గురూ శాన్‌ఫ్రాన్సిస్కోకు తిరిగొచ్చి వాటిని మళ్లీ రికార్డు చేశారు. ఆనాడు వాళ్ల వెనక పెద్ద కంపెనీ లేదు, పెద్ద డబ్బూ లేదు. గరుకుదనం వాళ్ల సిద్ధాంతమే అయితే, ఉన్న కాసిన్ని డబ్బులు ఖర్చుపెట్టి దాన్ని దిద్దుకోరు. దిద్దుకునే అలవాటు ముందే ఉంది, 1995లో అందుకు తగిన స్టూడియో దొరికింది.

మరి అభిమానుల కోపం ఉత్తదేనా? కాదు. ఇక్కడ అవతలి పక్షానికి న్యాయం చేయాలి. వెళ్లేది లేదన్న మాట ఇచ్చి వెళ్లారు. ఆ కట్టుబాటు మీద ఆధారపడి కొట్టాలు, పత్రికలు, చిన్న కంపెనీలు నడుస్తున్నప్పుడు మాట తప్పడం చిన్న సంగతి కాదు. కచేరీల్లో కొత్త పాట ఎత్తుకోగానే కొందరు వీపు తిప్పి కూర్చునేవారని చెబుతారు. అయితే ఆ వీపులు మాట తప్పినందుకు తిరిగాయి, పాటకు దాంతో పనిలేదు. ఈ రెండు ఫిర్యాదులూ కలిసిపోవడం వల్లనే, సంతకాన్ని క్షమించలేనివాళ్లు నిర్మాతను తప్పుపట్టారు. నైతికమైన అలకకు ఎప్పుడూ సంగీతం వేషం వేస్తే పెద్దరికం వస్తుంది.

అసలు దెబ్బ అంకెల్లో ఉంది. పది లక్షలన్న మాట నిజమే అనుకుని, నలభై వేల కాపీలతో భాగించండి. కాపీకి ఇరవై అయిదు డాలర్లు. ఆ రోజుల్లో దుకాణంలో సీడీ ధర పదిహేను, పదిహేడు డాలర్లకు మించదు. అంటే కొన్నవాళ్లు ఇచ్చిన ప్రతి సెంటూ, దుకాణం వాటాతో సహా, కంపెనీకే చేరినా ఆ బాకీ తీరదు. అడ్వాన్స్ అనేది బహుమానం కాదు, రాబోయే రాయల్టీ మీద ముందుగా తీసుకున్న అప్పు. అది తీరేదాకా బృందం పేర్న రాయల్టీ పైసా రాదు. చిన్న కంపెనీ దగ్గర నలభై వేలు అంటే ఇల్లు గడిచి, తర్వాతి ఆల్బమ్‌కు ఖర్చు చేతికొచ్చే అమ్మకం. 'డూకీ'తో పోల్చి చూసే గెఫెన్ ఖాతాలో అదే అంకె ఎర్ర సిరాతో పడింది. పాటా అదే, విన్న జనమూ కాస్త అటూ ఇటుగా అంతే. పక్కన వేసిన రాయి మాత్రం వేరు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. పెద్ద కంపెనీ లెక్కే విషమైతే జిమ్మీ ఈట్ వరల్డ్ ఎలా నిలబడింది? అరిజోనాకు చెందిన ఈ బృందం పెద్ద కంపెనీలో తొలి ఆల్బమ్ 'స్టాటిక్ ప్రివెయిల్స్'ను 1996లో క్యాపిటల్ ద్వారా తెచ్చింది. తర్వాతి దశాబ్దంలో ఎమో పాటను రేడియోకు పరిచయం చేసిన 'ది మిడిల్' వాళ్లదే, అమెరికా పాటల పట్టికలో అయిదో స్థానం దాకా ఎక్కింది. నిజమే. కానీ నడుమ జరిగింది చూడాలి. 1999లో 'క్లారిటీ' తర్వాత క్యాపిటల్‌తో వాళ్ల సంబంధం తెగిపోయింది. 'ది మిడిల్' ఉన్న ఆల్బమ్‌ను సొంత డబ్బుతో రికార్డు చేసుకుని, తయారైన సరుకును 2001లో డ్రీమ్‌వర్క్స్ చేతిలో పెట్టారు. ముందు పాట, తర్వాత బేరం. జాబ్రేకర్ చేసింది ముందు బేరం, తర్వాత పాట. ఈ వరస తేడాను ప్రతిభలో తేడాగా చదివినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మాట నాకు నమ్మబుద్ధి కాదు.

'డియర్ యూ' కొన్నేళ్లు మార్కెట్లో దొరకకుండా పోయింది. ఆ కాలంలోనే దానికి జనం పెరిగారు. 2003లో జాబ్రేకర్ పాటలను ఇతర బృందాలు పాడిన ఒక సంకలనం వస్తే, అప్పటికింకా చిన్న బృందమే అయిన ఫాల్ అవుట్ బాయ్ దానికి ఎంచుకున్న పాట 'సేవ్ యువర్ జనరేషన్', 'డియర్ యూ'లో మొట్టమొదటిది. కాలం మారి చెవులు మారాయి అంటే కొంత నిజం ఉంటుంది. కానీ సంతకం సంగతి తెలియని పిల్లలు, అప్పు ఖాతా చూడని పిల్లలు ఆ టేపులో ఒక్క స్వరం కూడా మారకుండానే దాన్ని ఇష్టపడ్డారు. అడ్డు తొలగింది, అంతే. 2004లో ఆల్బమ్ మళ్లీ మార్కెట్లోకి వచ్చింది. ఈసారి ఆడమ్ ఫాలర్ తన సొంత చిన్న కంపెనీ బ్లాక్‌బాల్ రికార్డ్స్ మీద, గెఫెన్ దగ్గర హక్కులు తెచ్చుకుని వేశాడు. 2017లో షికాగో రయట్ ఫెస్ట్‌లో ముగ్గురూ మళ్లీ కలిశారు. 'డియర్ యూ'కు ఇరవై అయిదేళ్లు నిండాయని తలపెట్టిన పర్యటన కొవిడ్ వల్ల ఆలస్యమై 2022లో జరిగింది.