తుపాకీకీ చేతికీ మధ్య ఎడం: అమెరికాలో ఆయుధ హక్కు, ప్రాణరక్షణ

అమెరికాలో తుపాకుల చర్చ ఏదో ఒక బడిలోనో దుకాణంలోనో పదిమందిని కాల్చి చంపిన వార్తతో మొదలవుతుంది. ఏఆర్-15 రైఫిళ్లను నిషేధించాలా వద్దా అన్న దగ్గర ఆగిపోతుంది. మరణాల లెక్క చెప్పేది వేరు. 2023లో ఆ దేశంలో తుపాకీ వల్ల చనిపోయినవారు 46,728 మంది. వారిలో 27,300 మంది ఆత్మహత్య చేసుకున్నవారు, 17,927 మంది హత్యకు గురైనవారు. ఏ ఆయుధమో తేలిన హత్యల్లో కూడా హ్యాండ్‌గన్‌దే పెద్ద వాటా, రైఫిల్‌ది చాలా చిన్నది. అంటే చర్చంతా ఒక చోట, శవాలు మరో చోట. ఏ రకం తుపాకీ ఉండవచ్చు అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, అది ఎవరి చేతిలో, ఏ సమయంలో ఉంది అని అడిగే చట్టాలే ఎక్కువ ప్రాణాలు కాపాడతాయనీ, యజమానుల హక్కును తక్కువగా తాకేవి కూడా అవేననీ ఈ వ్యాసం వాదన.

ముందు హక్కు సంగతి. 1791 నాటి రెండో రాజ్యాంగ సవరణ వ్యక్తికి ఆయుధ హక్కు ఇస్తుందా, పౌరసేనకు మాత్రమేనా అన్న వివాదాన్ని సుప్రీంకోర్టు 2008లో హెల్లర్ కేసులో 5-4 తేడాతో తేల్చింది. వాషింగ్టన్ నగరం 1976 నుంచి అమలు చేస్తున్న హ్యాండ్‌గన్ నిషేధాన్ని కొట్టేసింది. ఇంట్లో ఉన్న తుపాకీని ఎప్పుడూ విడదీసో, తాళం వేసో ఉంచాలన్న నిబంధనను కూడా వదల్లేదు. అయితే తీర్పు రాసిన జస్టిస్ స్కేలియా, నేరస్థులకు ఆయుధాలు నిరాకరించే పాత చట్టాలకు ఈ తీర్పుతో ఢోకా లేదన్నారు. 2022లో బ్రూయెన్ కేసులో న్యూయార్క్ చట్టం పడిపోయింది. తుపాకీ వెంట తీసుకుని తిరగడానికి ‘తగిన కారణం’ ఉందో లేదో అధికారే నిర్ణయించే పద్ధతి అక్కడ 1913 నుంచి ఉండేది. రెండేళ్లు తిరగకముందే రహీమీ కేసులో అదే కోర్టు 8-1 తేడాతో, గృహహింస కేసులో రక్షణ ఉత్తర్వు ఉన్న వ్యక్తి తుపాకీ ఉంచుకోకూడదన్న చట్టాన్ని నిలబెట్టింది. ఈ మూడింటినీ కలిపి చదివితే ఒక గీత కనిపిస్తుంది. అధికారి ఇష్టాయిష్టాల మీద నడిచే నిషేధం నిలవదు. ఒక మనిషి వల్ల ప్రమాదం ఉందని కోర్టు తేల్చినప్పుడు, కొంతకాలం అతని చేతి నుంచి ఆయుధాన్ని తప్పించడం నిలుస్తుంది.

భారతదేశ నమూనా అమెరికాకు అతకదు. 1959 ఆయుధాల చట్టం కింద మనకున్నది లైసెన్సే తప్ప రాజ్యాంగ హక్కు కాదు. 2019 సవరణ తర్వాత ఒక వ్యక్తి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు కూడా. అయినా మన అలవాటొకటి ఈ వాదనకు పనికొస్తుంది. ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు తుపాకుల్ని పోలీస్ స్టేషన్లలో డిపాజిట్ చేయమంటారు, ఎన్నికలు కాగానే తిరిగిస్తారు. ఆ నెలా రెండు నెలల్లో ఎవరి యాజమాన్యమూ పోదు, తుపాకీకీ చేతికీ మధ్య కాస్త ఎడం ఏర్పడుతుందంతే.

ఆ ఎడానికి ఎంత బలం ఉందో తెలియాలంటే ఆత్మహత్యల వైపు చూడాలి. తుపాకీతో ప్రయత్నించిన పదిమందిలో దాదాపు తొమ్మండుగురు బతకరు. ప్రయత్నించి బతికి బయటపడినవారిలో అత్యధికులు మాత్రం ఆ తర్వాత ఆత్మహత్యతో చనిపోరు. చావాలన్న ఉద్ధృతి గంటల్లో, ఒక్కోసారి నిమిషాల్లో వచ్చిపోతుంది. ఆ వేళ చేతికి ఏది అందుతుందన్నదే ప్రశ్న. పురుగుమందు డబ్బా ఇంట్లో ఉన్నందువల్లే పోయిన ప్రాణాలు తెలుగు పల్లెల్లో తెలియనివారు లేరు. అత్యంత విషపూరితమైన మందుల్ని ఒక్కొక్కటిగా నిషేధించిన శ్రీలంకలో ఆత్మహత్యలు భారీగా తగ్గాయి. ఇజ్రాయెల్ సైన్యం 2006లో వారాంతపు సెలవుకు ఇంటికెళ్లే సైనికులు తుపాకుల్ని స్థావరంలోనే వదిలి వెళ్లే ఏర్పాటు చేసింది. సైనికుల ఆత్మహత్యలు సుమారు 40 శాతం పడిపోయాయి. తగ్గుదల దాదాపు అంతా వారాంతాల్లోనే. మిగతా రోజుల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

న్యూహాంప్‌షైర్‌లో 2009లో ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురు, వారం తిరగకుండానే ఒకే దుకాణంలో తుపాకులు కొని, కొన్న కొద్ది గంటల్లోనే ప్రాణాలు తీసుకున్నారు. ఆ దుకాణదారు దాన్ని తన సమస్యగా తీసుకున్నాడు. తోటి వ్యాపారులు, హార్వర్డ్ పరిశోధకురాలు కేథరిన్ బార్బర్ వంటివారు కలిసి గన్ షాప్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. కొనేవాడి తీరులో అనుమానం వస్తే అమ్మకం ఎలా ఆపాలి, స్నేహితుడు కుంగిపోయి ఉంటే అతని తుపాకుల్ని కొన్నాళ్లు ఎలా దాచిపెట్టాలి వంటి విషయాలు పోస్టర్లలో రాసి దుకాణాల గోడల మీద అంటించారు. కొత్త చట్టమేమీ రాలేదు. డాక్టర్లు చెబితే వినని మాట తుపాకీ వాడేవాడే చెబితే చెవికెక్కిందని నా అంచనా. వాషింగ్టన్, వర్జీనియా, యూటా రాష్ట్రాలు మరో అడుగు వేశాయి: తనకు తుపాకీ అమ్మవద్దని తన పేరును తానే జాబితాలో చేర్పించుకోవచ్చు. తన హక్కును తానే కొంతకాలం తాకట్టు పెట్టుకోవడం అన్నమాట. చేరినవారు బాగా తక్కువ, అయినా ఆలోచన గట్టిది.

బలవంతం వచ్చేది రెడ్ ఫ్లాగ్ చట్టాల దగ్గర. కనెక్టికట్ 1999లో, ఇండియానా 2005లో, పార్క్‌లాండ్ బడి కాల్పుల తర్వాత రిపబ్లికన్ గవర్నర్ సంతకంతో ఫ్లోరిడా 2018లో వీటిని తెచ్చాయి. ప్రమాదం ఉందని కోర్టు నమ్మితే తుపాకుల్ని తాత్కాలికంగా స్వాధీనం చేసుకుంటారు. కనెక్టికట్‌లో 762 కేసుల్ని పరిశీలించిన డ్యూక్ విశ్వవిద్యాలయ బృందం, పది నుంచి ఇరవై స్వాధీనాలకు ఒక ఆత్మహత్య ఆగిందని అంచనా కట్టింది. ఈ అంకెను సమర్థకులు ఒక వైపు నుంచే చదువుతారు. ఒక ప్రాణం నిలవడానికి మరో తొమ్మిది నుంచి పంతొమ్మిది మంది, బహుశా ఏ ఘోరమూ చేయబోనివారు, కొంతకాలం హక్కు వదులుకున్నారని కూడా దానికి అర్థం. విచారణ త్వరగా జరిగి, గడువు తీరగానే తుపాకీ తిరిగొస్తే ఆ ధర భరించదగ్గదే. అవతలివాడికి ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాదిని ఇచ్చే కొలరాడో పద్ధతి మిగతా చాలా చోట్ల లేకపోవడం పెద్ద లోపం.

హత్యల విషయంలో లైసెన్సు చట్టాలకు సాక్ష్యం ఉంది. హ్యాండ్‌గన్ కొనే ముందు పర్మిట్ తీసుకోవాలని కనెక్టికట్ 1995లో చట్టం చేసింది. మిస్సోరి తనకున్న పర్మిట్ చట్టాన్ని 2007లో ఎత్తేసింది. 2020లో వెలువడిన ఒక అధ్యయనం మొదటి చోట తుపాకీ హత్యలు 28 శాతం తగ్గాయనీ, రెండో చోట 47 శాతం పెరిగాయనీ లెక్కగట్టింది. రెండే రాష్ట్రాల అనుభవం కాబట్టి శాతాల్ని పట్టుకుని వేలాడనక్కర్లేదు, దిశ మాత్రం స్పష్టం. ఇక్కడ అభ్యంతరం అనుకోని వైపు నుంచి వచ్చింది. బ్రూయెన్ కేసులో పాత న్యూయార్క్ పద్ధతిని వ్యతిరేకిస్తూ కోర్టుకు వాదన సమర్పించినవారిలో పేదల తరఫున వాదించే నల్లజాతి న్యాయవాదులూ ఉన్నారు. లైసెన్సు దొరక్క జైలుకు వెళ్తున్నది తమ కక్షిదారులేనన్నది వారి మాట. వేలిముద్రలు, శిక్షణ, రుసుము అడిగే మేరీలాండ్ లైసెన్సును 2024లో ఫెడరల్ అప్పీలు కోర్టు సమర్థించింది. నిలబడిన చట్టాన్ని న్యాయంగా నడపాలంటే పేదవాడికి ఆ రుసుము మాఫీ చేయాలి.

హత్యల్ని తగ్గించే దారి లైసెన్సు ఒక్కటే కాదు. తగాదాల్లో మునిగిన కొద్దిమంది యువకుల్ని గుర్తించి నేరుగా మాట్లాడిన బోస్టన్ ఆపరేషన్ సీజ్‌ఫైర్ 1996 నాటిది. యువకుల హత్యలు 60 శాతానికి పైగా తగ్గాయని దాన్ని పరిశీలించినవారు రాశారు. చట్టబద్ధమైన యజమానుల జోలికి అది వెళ్లలేదు.

2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేథాలో తెలుగు ఇంజినీరు హత్య తర్వాత, స్టోర్లలో పనిచేసే విద్యార్థులు దోపిడీల్లో బలవుతున్న ఈ రోజుల్లో, రక్షణకు తుపాకీ కొందామన్న మాట మనవాళ్ల ఇళ్లలోనూ వినిపిస్తుంది. కొనడం వారి హక్కు. అయితే కాలిఫోర్నియాలో 2.6 కోట్ల మందిని అనుసరించి 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, హ్యాండ్‌గన్ ఉన్న మగవారు తుపాకీ ఆత్మహత్యతో చనిపోయే అవకాశం లేనివారికంటే దాదాపు ఎనిమిది రెట్లు, ఆడవారికి 35 రెట్లు.

తుపాకీకీ చేతికీ మధ్య ఎడం కల్పించడంలో ఆచరణలో ఒక చిక్కు ఉంది. ప్రతి చేతిమార్పుకూ నేపథ్య తనిఖీ ఉండాలన్న రాష్ట్రాల్లో, కుంగిపోయిన స్నేహితుడి తుపాకీని మరొకరు తన ఇంట్లో దాచడమే నేరమయ్యే ప్రమాదం ఉంది. వాషింగ్టన్ రాష్ట్రం 2014లో, రాబోయే మరణాన్ని ఆపడానికి చేసే తాత్కాలిక మార్పిడికి మినహాయింపు ఇచ్చింది. కొలరాడో 72 గంటలే ఇచ్చింది. మనసు కుదుటపడటానికి మూడు రోజులు చాలవు. తుపాకీని కొన్నాళ్లు భద్రపరిచే దుకాణాల, పోలీస్ స్టేషన్ల మ్యాప్ కొలరాడోలో ఉంది గానీ వ్యాపారులు వెనకాడుతున్నారు. తిరిగి అడిగితే ఇచ్చేశాక ఆ రాత్రే అతనికేమైనా అయితే బాధ్యత ఎవరిదన్నది వారి భయం. దీనికి జవాబు చెప్పాల్సింది సుప్రీంకోర్టు కాదు, రాష్ట్ర శాసనసభలు. నాలుగు వాక్యాల సవరణ చాలు, దాన్ని తుపాకీ సంఘాలు కూడా ఎదిరించాల్సిన పని లేదు.