జర్మన్ ఉచ్చారణ: ఇంగ్లిషు మీదుగా వెళ్తే చుట్టుదారి

ఆ కార్ల కంపెనీని మనం ‘వోక్స్‌వ్యాగన్’ అంటాం. జర్మన్లు ‘ఫొల్క్స్‌వాగెన్’ అంటారు. మన బీఎండబ్ల్యూ వాళ్లకు ‘బే ఎమ్ వే’, మన సీమెన్స్ వాళ్లకు ‘జీమెన్స్’, కెమెరా లెన్సుల మీద కనిపించే జైస్ వాళ్లకు ‘త్సైస్’. ఈ పేర్లన్నీ మనకు ఇంగ్లిషు మీదుగా వచ్చాయి. రెండు భాషలూ వాడే లిపి ఒకటే కాబట్టి, జర్మన్ పదం కనబడగానే మన కన్ను దాన్ని ఇంగ్లిషు పదంలాగే చదివేస్తుంది. కొత్తగా జర్మన్ నేర్చుకునే తెలుగువారు చేసే తప్పుల్లో చాలావాటికి మూలం ఇదే.

చదువుకో, ఉద్యోగానికో జర్మనీ వెళ్లాలనుకునేవారికి ఇది చిన్న విషయం కాదు. అక్కడ నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ1 లేదా బీ2 స్థాయి భాష అడుగుతారు. గోథే ఇన్‌స్టిట్యూట్ మౌఖిక పరీక్షలో ఉచ్చారణనూ లెక్కలోకి తీసుకుంటారు. అసలు పరీక్ష సర్టిఫికెట్ వచ్చాక మొదలవుతుంది. రాత్రి డ్యూటీలో ఫోన్లో మందు మోతాదు చెప్పేటప్పుడు ‘త్స్వై’ (2), ‘డ్రై’ (3) ఒకటిగా వినబడితే ప్రమాదం. జర్మన్లకే ఈ భయం ఉంది. అందుకే ఫోన్లో రెండును ‘త్స్వో’ అంటారు. జూన్‌కు ‘యూని’, జూలైకి ‘యూలి’ అనే మాటలున్నా, కలగాపులగం కాకుండా ఒక్కోసారి ‘యూనో’, ‘యూలై’ అని మార్చి పలుకుతారు.

ముందు అక్షరాల విలువలు

జర్మన్‌లో స్పెల్లింగుకూ పలుకుకూ ఉన్న సంబంధం ఇంగ్లిషులో కంటే చాలా నమ్మకమైనది. కొన్ని సూత్రాలు పట్టుబడితే కొత్త పదాన్ని కూడా దాదాపు సరిగ్గా చదవగలం.

డబ్ల్యూ అక్షరం ‘వ’ అవుతుంది; నీటికి ‘వాసర్’ కాదు, ‘వసర్’. వీ అక్షరం అచ్చ జర్మన్ పదాల్లో ‘ఫ’. నాన్న ‘ఫాటర్’, నాలుగు ‘ఫీర్’. బయటి నుంచి వచ్చిన పదాల్లో మాత్రం అది ‘వ’గానే ఉంటుంది, విశ్వవిద్యాలయం ‘ఉనివెర్జిటేట్’. జె అక్షరం ‘య’, సంవత్సరం ‘యార్’. జెడ్ అక్షరం ‘త్స’, కాలం ‘త్సైట్’. అచ్చు ముందు వచ్చే ఎస్ ఇంగ్లిషు జెడ్‌లా మోగుతుంది. పదం మొదట ఎస్ తర్వాత టీ గానీ పీ గానీ వస్తే ‘ష్ట’, ‘ష్ప’.

ఇ, ఐ అక్షరాల జంట మరీ తికమక పెడుతుంది. ఇ ముందుంటే ‘ఐ’, ఐ ముందుంటే ‘ఈ’. ‘వైన్’ అంటే ద్రాక్షసారా, ‘వీన్’ అంటే వియన్నా నగరం. రెండింటికీ తేడా ఆ రెండు అక్షరాల వరుస ఒక్కటే. జంటలో రెండో అక్షరాన్ని ఇంగ్లిషులో ఏమని పిలుస్తామో, జంట పలుకు అదే అని గుర్తుంచుకుంటే సరిపోతుంది. ఇక్కడ మాత్రం ఇంగ్లిషు ఉపకరిస్తుంది.

మన దగ్గర ఉన్నవే

ఇంగ్లిషు మాతృభాషగా ఉన్నవారి కోసం రాసిన పుస్తకాలు కొన్ని ధ్వనులను కష్టమైనవిగా చూపుతాయి. వాటిలో కొన్ని మనకు పుట్టుకతో వచ్చినవే. బ్రిటన్, అమెరికాల వారు ‘ఏ’ అనబోతే చివర ‘ఇ’ చేరుతుంది, ‘ఓ’ అనబోతే చివర ‘ఉ’ చేరుతుంది. జర్మన్‌కు కావలసింది తెలుగులోలాగే చివరిదాకా మారకుండా నిలిచే ఏ, ఓ.

‘త్స’ అనే ధ్వనిని పదం మొదట పలకడానికి ఇంగ్లిషువారు తంటాలు పడతారు. మనకు చాప, చుక్క, చాలా అనే మాటల్లో ఉన్న దంత్య చకారం అదే. పాత నిఘంటువులు దీన్ని ‘ౘ’ అని వేరే గుర్తుతో చూపించేవి. రోజు, గాజు అన్నప్పుడు చాలామంది నోట పలికే దంత్య ‘జ’ జర్మన్ ‘జొనె’ (సూర్యుడు)లోని మొదటి ధ్వనికి బాగా దగ్గర.

అన్నిటికంటే పెద్ద ఆస్తి హ్రస్వదీర్ఘాల తేడా. ‘పలు’, ‘పాలు’ ఒకటి కాదని మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. జర్మన్‌లోనూ అంతే. ‘ష్టాట్’ అంటే రాజ్యం, ‘ష్టట్’ అంటే నగరం. ‘మీటె’ అంటే అద్దె, ‘మిటె’ అంటే మధ్య. ‘ఓఫెన్’ అంటే పొయ్యి, ‘ఒఫెన్’ అంటే తెరిచి ఉన్న. అచ్చు తర్వాత ఒకే హల్లు ఉంటే సాధారణంగా దీర్ఘం, రెండు హల్లులుంటే హ్రస్వం. అచ్చు వెంట హెచ్ ఉంటే అది పలకదు, అచ్చును సాగదీస్తుంది. 1996 నాటి లిపి సంస్కరణ తర్వాత, దీర్ఘం పక్కన ‘స’ ధ్వనికి బీటాను పోలిన ప్రత్యేకాక్షరం వాడుతూ, హ్రస్వం పక్కన రెండు ఎస్‌లు రాస్తున్నారు.

కొత్తగా నేర్వాల్సినవి

యు, ఓ అక్షరాల మీద రెండు చుక్కలు కనిపిస్తే అవి తెలుగులోనూ ఇంగ్లిషులోనూ లేని ధ్వనులు. మొదటిదానికి ‘ఈ’ అని పలుకుతూ, నాలుక కదపకుండా పెదవులు మాత్రం ‘ఊ’ కోసం చుట్టినట్టు చుట్టాలి. రెండోదానికి ‘ఏ’ అంటూ పెదవులను ‘ఓ’లా చుట్టాలి. దీన్ని ‘యూ’ అనో, ‘ఓ’ అనో సరిపెడితే అర్థం మారుతుంది. ‘షోన్’ అంటే ‘ఇప్పటికే’. అదే మాటలో చుక్కల ఓ ఉంటే ‘అందమైన’. ‘డ్రుకెన్’ అంటే అచ్చు వేయడం. చుక్కల యుతో అంటే నొక్కడం. రోగి తనకు ఎక్కడో ‘నొక్కేసినట్టు’ ఉందని చెప్పేటప్పుడు వాడేది ఈ రెండో మాటే.

సీ, హెచ్ జంటకు రెండు పలుకులున్నాయి. అ, ఒ, ఉ, అవు తర్వాత అది గొంతు వెనక నుంచి వచ్చే రాపిడి ధ్వని. హైదరాబాద్ ఉర్దూలో ‘ఖబర్’, ‘అఖ్బార్’ విన్నవారికి ఇది కొత్త కాదు. దాన్ని ‘క’గా పలికితే ఇబ్బంది ఉంది. రాత్రి ‘నఖ్ట్’, ‘నక్ట్’ అంటే నగ్నం. ఇతర అచ్చుల తర్వాత, హల్లుల తర్వాత పలుకు మెత్తబడుతుంది. ‘బాహ్యం’లోని ‘హ్య’ను గొంతు మోగించకుండా ఊపిరితో మాత్రమే పలికితే దాని దగ్గరికి చేరుతాం. దీన్ని ‘ష’ చేస్తే చర్చి కాస్తా చెర్రీ పండవుతుంది. జర్మన్‌లో ఆ రెండు మాటలకూ ఉన్న తేడా ఈ ధ్వనే.

పదం చివర బ, ద, గ లు ప, ట, క లవుతాయి. రోజుకు ‘టాక్’ అంటారు. బహువచనంలో అచ్చు చేరగానే ‘టాగె’ అని గ తిరిగొస్తుంది. ‘మరియు’ అనడానికి ‘ఉన్ట్’. రాతలో డీ, జీ, బీ ఉన్నా చివర గొంతు మోగదు.

తెలుగు అలవాట్లు అడ్డొచ్చే చోట్లు

ఇంగ్లిషువారి పాఠ్యపుస్తకాల్లో దొరకనిది ఈ భాగం. మొదటిది ద్విత్వం. జర్మన్‌లో రెండు టీలు కనబడితే మనం ‘బిట్టె’ అంటాం. అక్కడ రెండు అక్షరాలు చెప్పేది ముందు అచ్చు హ్రస్వమని మాత్రమే, హల్లును ఒత్తకూడదు. పలుకు ‘బిటె’.

రెండోది అజంత భాష మాట్లాడే మన నోరు. బస్సు, కారు అన్నట్టే జర్మన్ మాట చివరా చిన్న ‘ఉ’ చేరుస్తాం. జర్మన్‌లో చివరి అచ్చు వ్యాకరణాన్ని మోస్తుంది. ‘ఫ్రొయిన్ట్’ ఒక స్నేహితుడు, ‘ఫ్రొయిన్డె’ అనేకులు. ‘ఐన్’, ‘ఐనె’ లింగభేదం చూపుతాయి. అక్కరలేని అచ్చు చేరిస్తే వినేవారు తడబడతారు.

మూడోది సంధి. ‘ఏమంటివి’ అని కలిపేయడం మనకు సహజం. జర్మన్లు అచ్చుతో మొదలయ్యే పదానికి ముందు గొంతును ఒక్క క్షణం బిగించి వదులుతారు. ‘ఒక గుడ్డు’ అనడానికి ‘ఐన్’, చిన్న విరామం, ‘ఐ’, ‘ఐనై’ కాదు.

నాలుగోది ఊపిరి. పదం మొదటి ప, ట, క లతో పాటు జర్మన్లు కొంత గాలి వదులుతారు. మన ‘ప’లో ఆ గాలి ఉండదు కాబట్టి అది వారి చెవికి ‘బ’గా తోచవచ్చు. ‘పకెన్’ అంటే సర్దడం, ‘బకెన్’ అంటే బ్రెడ్డో కేకో కాల్చడం. నోటి ముందు కాగితం ముక్క పట్టుకుని, అది కదిలేదాకా సాధన చేయాలి. ‘ట’ పలికేటప్పుడు నాలుకను వెనక్కి మడవకుండా పై చిగురుకు తాకించాలి.

ఐదోది ఊనిక. తెలుగులో ఏ అక్షరాన్ని నొక్కినా మాట మారదు. జర్మన్‌లో ‘ఉమ్‌ఫారెన్’లో మొదటి అక్షరం మీద ఊనిక ఉంటే వాహనంతో గుద్ది పడేయడం, ‘ఫా’ మీద ఉంటే పక్క నుంచి చుట్టి వెళ్లడం. ట్రాఫిక్‌లో ఈ రెంటికీ ఉన్న దూరం చెప్పనక్కరలేదు.

‘ర’ గురించి బెంగ వద్దు

గొంతు వెనక పలికే జర్మన్ ‘ర’ చాలామందిని భయపెడుతుంది. అది రాకపోయినా కొంప మునగదు. థియోడోర్ జీబ్స్ 1898లో వెలువరించిన రంగస్థల ఉచ్చారణ గ్రంథం, అప్పట్లో ప్రామాణికంగా నిలిచింది, నాలుక కొనతో పలికే ‘ర’నే కోరింది. గొంతు ‘ర’కు ఆమోదం తర్వాత వచ్చింది. బవేరియాలో, స్విట్జర్లాండ్‌లో నాలుక ‘ర’ ఇప్పటికీ వినిపిస్తుంది. మన ‘ర’ అర్థానికి అడ్డు రాదు. నాలుకను మడిచే అమెరికన్ ‘ర’ మాత్రం పక్క అచ్చుల రంగునూ మార్చేస్తుంది. నేర్వాల్సింది పదం చివరి సంగతి: ‘ఫాటర్’ అని రాసుకున్నా, చివర వినిపించేది ‘ర’ కాదు, పొట్టి ‘అ’.

సాధన ఎలా

పై ఉదాహరణల్లోలా ఒక్క ధ్వనితో తేడా వచ్చే జంట పదాలతో మొదలుపెట్టాలి. ముందు చెవి తేడా పట్టాలి. చెవికి అందనిది నోటికి రాదు. తర్వాత ఫోన్లో సొంత గొంతు రికార్డు చేసుకుని అసలు పలుకుతో పోల్చుకోవాలి. 1962 నుంచి వస్తున్న డూడెన్ ఉచ్చారణ నిఘంటువు అంతర్జాతీయ ధ్వని లిపిలో పలుకులను ఇస్తుంది. ఆ లిపిలో జర్మన్‌కు కావలసిన గుర్తులు కొన్ని పదులే. తెలుగు లిపిలో రాసుకోవడం మొదటి వారాల్లో ఊతకర్ర. చుక్కల అచ్చులకూ ‘హ్య’ లాంటి ఊపిరికీ మన లిపిలో అక్షరాలు లేవు గనుక ఆ కర్రను తొందరగా వదిలేయాలి. ఈ వ్యాసంలోని తెలుగు రూపాలకూ ఆ పరిమితి ఉంది.

జర్మనీలో యాస ఉన్నవారిని ఎవరూ గెంటేయరు; అక్కడివారికే రకరకాల యాసలున్నాయి. జర్మనుడిలా వినబడటం ఇక్కడ లక్ష్యం కాదు. చెప్పిన సంఖ్య, చెప్పిన నెల, చెప్పిన నొప్పి ఎదుటివారికి మొదటిసారే అందితే చాలు. అందుకు ‘ఇంగ్లిషులో దీన్ని ఎలా చదువుతాం’ అని కాకుండా, ‘ఈ ధ్వని తెలుగులో ఉందా, లేదా’ అని అడగాలి. ఉంటే అలాగే పలకాలి, లేకపోతే ఓపికగా కొత్తగా నేర్చుకోవాలి.