చిత్రకారులును శవచ్ఛేదమును

చిత్రకళ నభ్యసించువారికి మానవదేహమున మొండెమంత కష్టము గలిగించు భాగము వేఱొకటి లేదు. కాలుసేతులు స్తంభములవంటివి, అవి వంగు చోట్లు స్పష్టముగా నగపడును. మొండె మట్టిది కాదు. పైన ప్రక్కటెముకల గూడు, క్రింద కటివలయము, ఈ రెంటిని గలుపుచు వెనుక వెన్నెముక. గూడును వలయమును గట్టివి; నడుమ నున్న యుదరము మెత్తనిది. మనుష్యుఁ డొకకాలిపై బరువు మోపి నిలిచినపుడు కటివలయ మొకవైపునకు వాలును. భుజములు రెండవవైపునకు వాలును. ఒక ప్రక్క చర్మము ముడుతపడును, రెండవ ప్రక్క సాఁగును. ఈ మార్పులు చర్మముమీఁదఁ గానవచ్చును గాని వాని కారణములు చర్మము క్రింద నున్నవి. కారణ మెఱుఁగనివాఁడు కండరములను గవచముమీఁది నగిషీవలె వ్రాయును. ఆ కారణములను జిత్రకారు లెట్లు నేర్చిరో, అందుల కెవ్వరి దేహములు వినియోగింపఁబడెనో ఐరోపాఖండ చరిత్ర తెలుపుచున్నది.

ఆ ఖండమున 16వ శతాబ్దమువఱకు శారీరశాస్త్రమునకుఁ బ్రమాణము గేలెను. ఇతఁడు క్రీ. శ. 2వ శతాబ్దమున రోమునగరమందు వైద్యము చేసిన గ్రీకువైద్యుఁడు. ఆ కాలమున మనుష్యశవమును గోయుట యాచారవిరుద్ధ మగుటచే నతఁడు కోఁతులను, పందులను గోసి చూచి, దానినిబట్టి మనుష్యదేహమును వర్ణించెను. రొమ్ముటెముకయందు 7 భాగములు గల వని యతఁడు చెప్పెను. పిమ్మట బొలోన్యా విద్యాలయమున మనుష్యశవచ్ఛేదము సాగెను. అచ్చటి యాచార్యుఁడు మొందినో 1316లో నీ విషయమై గ్రంథము రచించెను. అయినను దరువాతి విద్యాలయములలోఁ దఱచుగా నాచార్యుఁడు పీఠముపైఁ గూర్చుండి ప్రాచీనగ్రంథమును జదువుచుండఁగా మంగలి క్రింద శవమును గోయుచుండెను. కంటికిఁ గనఁబడినది గ్రంథముతో సరిపడనపుడు గ్రంథమే గెలుచుచుండెను.

చిత్రకారులు వైద్యులకొఱకు వేచియుండలేదు. 1435లో నల్బెర్టి యను పండితుఁడు తన చిత్రకళాగ్రంథమున, మనుష్యరూపమును వ్రాయువాఁడు మొదట నెముకలను, వానిపైఁ గండరములను, తుదకుఁ జర్మమును నిలుపవలెనని విధించెను. ఆ శతాబ్దపు టుత్తరార్ధమున ఫ్లారెన్సు శిల్పి పొల్లాయువోలో పదుగురు దిగంబరుల యుద్ధమును దామ్రఫలకమునఁ జెక్కెను. అందలి మొండెములలోఁ గండరము లన్నియు నొక్కమాఱే బిగిసియున్నవి. కదలు దేహమున నట్లు జరుగదు. ఒక కండరము బిగియునపుడు దాని కెదురుగా నున్నది సామాన్యముగా సడలును. కండరముల యునికి నెఱుఁగుట వేఱు, వాని పని నెఱుఁగుట వేఱు.

ఈ భేదమును లెస్సగా గ్రహించినవాఁడు లియొనార్డో డా వించి (1452–1519). 1507–08 ప్రాంతమున ఫ్లారెన్సులోని సాంతా మారియా నువోవా వైద్యశాలలో, నూఱేండ్లు దాఁటిన యొక వృద్ధుఁ డతనితో మాటలాడిన కొన్నిగంటలకే బాధ యెఱుఁగక కన్నుమూసెను. అంత సుఖమరణమునకుఁ గారణ మేమో తెలిసికొనఁగోరి లియొనార్డో యా దేహమును గోసి పరీక్షించెను. తన జీవితమున 30కి మించిన శవములను గోసితినని యతఁడు 1517లోఁ దన్నుఁ జూడవచ్చినవారితోఁ జెప్పెను. 1510–11 నాఁటి పత్రములలో నొకే భుజమును, ఱొమ్మును గొంచెము కొంచెముగాఁ ద్రిప్పుచు ననేక పార్శ్వములనుండి వ్రాసెను. కండరములు లాగు దిక్కులు తెలియుటకు వానికి బదులు త్రాళ్లను వ్రాసెను. ఇంత యెఱిఁగియు, కండరముల నన్నింటిని బైకిఁ జూపు చిత్రకారులను హెచ్చరించుచు, అట్టి రూపములు మనుష్యదేహములుగాక యక్రోటుకాయల మూటలై కనఁబడు నని యాక్షేపించెను. నేర్చినదానిలో నెంత దాఁచవలెనో తెలియుటయు విద్యలో భాగమే. కాని యీ పత్రము లతని జీవితకాలమున ముద్రితములు కాలేదు. 1510–11 పత్రముల ప్రతిరూపములు 1898లోఁ బారిసునగరమున వెలువడెను. అంతవఱకు వైద్యలోక మా శ్రమఫలమును దాదాపుగా ననుభవింపలేదు.

ఆ కొఱతను వేఱుమార్గమునఁ దీర్చినవాఁడు వెసేలియసు. బ్రస్సెల్సునఁ బుట్టిన యితఁడు 1537లోఁ దన 23వ యేఁట పాదువా విద్యాలయమున నాచార్యుఁడై, మంగలిని దొలఁగించి కత్తిని దానే చేతఁ బట్టెను. 1539లో నచ్చటి న్యాయాధికారి యొకఁడు మరణశిక్ష పొందినవారి శవములు లభించునట్లు తోడ్పడెను. 1543లో బేసిలునగరమున నితని మహాగ్రంథము ముద్రితమయ్యెను. మనుష్యుని రొమ్ముటెముకయందు 3 ప్రధానభాగములే గల వని యందు స్థాపించెను. ఈ గ్రంథమున శాస్త్రమును జిత్రకళయు విడఁదీయరానివి. ఐదవ ప్రకరణమున నుదరావయవములు ప్రాచీనశిలావిగ్రహముల విఱిగిన మొండెములలో నమర్చి చూపఁబడినవి.

అందలి కండరచిత్రములలో నైదవది విశేషము గలది. పొట్టమీఁది నిలువుకండరము మనుష్యులయందుఁ గ్రింది ప్రక్కటెముకలయొద్దనే నిలిచిపోవును. కోఁతులయందును గుక్కలయందును నింకను బైకిఁ బోవును. గేలెను వర్ణనమున కాధార మెద్దియో తెలియుటకై వెసేలియసు తెలిసియే మృగకండరమును మనుష్యుని ఱొమ్ముపైఁ జూపి, అది మనుష్యులది కాదని మూలమున వివరించెను. మూలమును జదివినవానికిఁ బ్రాచీనుల పొరపాటు తేటపడును. చిత్రమును మాత్రము చూచి వ్రాసికొనువాఁడు కోఁతి ఱొమ్మును మనుష్యునకుఁ దగిలించును. ఎంత చక్కని చిత్రమైనను దేహమును స్వయముగాఁ జూచుటతో సమానము కా దనుట కిది నిదర్శనము.

ఈ స్వయందర్శనమునం దాసక్తి లండనునగరమున నుగ్రరూపము దాల్చెను. 1768లో నచ్చట స్థాపింపఁబడిన రాజకీయ కళాపరిషత్తున విలియము హంటరు శారీరశాస్త్రమున కాచార్యుఁడుగా నియమింపఁబడెను. హత్యచేసి యురిశిక్ష పొందినవారి శవములను సమాధి చేయనీయక శస్త్రవైద్యుల కిచ్చుట 1752నుండి శాసనమై యుండెను. 1801లో జేమ్సు లెగ్గు అను ముసలి సిపాయి హత్యానేరమునకై యురిదీయఁబడెను. సిలువపై వ్రేలాడు క్రీస్తుమూర్తులు శారీరశాస్త్రమునకు విరుద్ధములని భావించిన శిల్పి తామస్ బ్యాంక్సును, చిత్రకారులు వెస్టు, కాస్వేయును శస్త్రవైద్యుఁడు కార్ప్యూ సహాయమున నా శవమును సిలువకుఁ గొట్టి ప్లాస్టరుతో నచ్చు తీయించిరి. పిమ్మటఁ జర్మ మొలిచి మఱియొక యచ్చు తీయించిరి. చర్మము లేని యా యచ్చు నేఁటికిని బరిషత్తున నున్నది. చేతులు చాఁచి వ్రేలాడు దేహమున ఱొమ్మును నుదరమును నెట్లుండునో విద్యార్థులు దానివలన నేర్చిరి. కాని శిక్షితుఁడైన యొక వృద్ధుని దేహము దేవుని రూపమును సవరించుట కుపకరణమైన సంగతి యా యచ్చుమీఁద వ్రాయఁబడి లేదు.

1832 శాసనముచే హంతకుల శవములను గోయుట నిలిచెను గాని, బంధువులు వచ్చి యడుగని నిఱుపేదల శవము లనాథశాలలనుండి యా బల్లలపైకి రాఁదొడఁగెను. అనఁగా దోషికి బదులు దరిద్రుఁడు వచ్చెను. తమ దేహమును దామే విద్యకొఱ కొసఁగు నాచారము పిమ్మటికాలమున వ్యాపించినది. నేఁటి యభ్యాసకుఁడు ప్రక్కటెముకల వంపును, వెన్నెముక మలుపును బుస్తకమునఁ జూచి కొలఁదికాలములో నేర్చుకొనఁగలఁడు. ఆ సౌలభ్యము లియొనార్డో వంటి మహాపురుషుల కృషివలన మాత్రమే రాలేదు. వైద్యశాలలో మాటలాడిన కొన్నిగంటలకుఁ గన్నుమూసిన వృద్ధుఁడును, ఉరికంబమునుండి సిలువకు మోయఁబడిన సిపాయియు, అనాథశాలలలోఁ జచ్చిన నిఱుపేదలును దాని కాధారమైరి. వారిలో లెగ్గు వంటి యే కొందఱి పేళ్లో తప్ప చరిత్రకు దక్కలేదు.