కాలిన అడవి కైఫియతు

పూర్వము మన గ్రామాలలో కరణాలు కైఫియతులు వ్రాసేవారు. ఊరు ఎప్పుడు కట్టినది, ఏ యేట కరువు వచ్చినది, ఏ చెరువు ఎప్పుడు తెగినది, తెలిసినంతవరకు కాగితం మీద పెట్టేవారు. కర్నల్ మెకంజీ వాటిని పోగుచేయించాడు కనుక నేడు మన చరిత్రకారులకు అవి ఆధారములైనవి. ఊరికి కైఫియతు ఉన్నట్లే అడవికి కూడ ఉండునా? అడవి తగులబడినప్పుడు ఎంత కాలినది, ఎట్లు కాలినది, ఏమి మిగిలినది అని నమ్మదగిన లెక్క వ్రాయడం సాధ్యమేనా? 1988లో అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ పార్కు కాలినప్పటి కథ ఈ ప్రశ్నకు మంచి జవాబు చెప్పుతుంది.

ఉగాది సంచికలో దావానలం గొడవ ఏమిటని పాఠకులు అడగవచ్చును. మన దేశంలో అడవులు తగులబడే కాలం ఇదే గదా! శిశిరంలో రాలిన ఆకు ఎండి, గడ్డి పసుపెక్కి, ఒక్క నిప్పురవ్వ కోసం కాచుకొని ఉంటుంది. పైగా మన భారతంలో ఖాండవ దహనం ఉండనే ఉన్నది. అంత మహారణ్యం కాలిపోగా బ్రతికి బయటపడినవి ఆరు ప్రాణాలే: తక్షకుని కొడుకు అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్ఙ్గక పక్షి కూనలు. కాలినవాటికి లెక్క లేదు, మిగిలినవాటికి లెక్క ఉన్నది. ఎల్లోస్టోన్ విషయంలో పత్రికలవారు దీనిని తలక్రిందులు చేసినారు. కాలినదానినే చూపి మిగిలినదానిని విడిచిపెట్టినారు. చిక్కంతా అక్కడనే వచ్చినది.

ఎల్లోస్టోన్ ప్రపంచంలో మొట్టమొదటి జాతీయ పార్కు. 1872 మార్చి 1వ తేదీన ఏర్పడినది. విస్తీర్ణం ఇరవై రెండు లక్షల ఎకరాలు, అంటే మన పాత కృష్ణా జిల్లాకన్నా కొంచెం పెద్దది. వేడినీటి బుగ్గలు, లోయలు, అడవిదున్నలు, ఎలుగుబంట్లు, ఎల్క్ అనే పెద్ద దుప్పులు అక్కడ ప్రసిద్ధి. అడవిలో చాలా భాగం లాడ్జిపోల్ పైన్ అనే సన్నని నిటారైన చెట్టు. 1886లో పార్కు కాపలాకు సైన్యం వచ్చినది. కాప్టెన్ మోజెస్ హారిస్ తన దళంతో వచ్చేసరికే అడవిలో మంటలు ఉన్నవి. వచ్చీ రాగానే వాటిని ఆర్పడమే వారికి పని అయినది. అడవి మంటను ప్రభుత్వం పనిగట్టుకొని ఆర్పడం అమెరికాలో అదే ప్రారంభం అంటారు. అప్పటినుండి సుమారు ఎనభై ఐదేళ్ళు, కనబడిన ప్రతి మంటనూ ఆర్పవలసినదే అన్నది నియమం. 1972లో ఈ నియమం మారినది. పిడుగుపాటు వలన పుట్టిన మంట, మనుష్యులకు గాని కట్టడాలకు గాని అపాయం లేనంతవరకు, దానంతట అదే కాలి ఆరిపోవచ్చునని పార్కువారు నిశ్చయించుకొన్నారు. 1972 నుండి 1987 వరకు అట్లు కాలనిచ్చిన మంటలు 235. పదహారేళ్ళలో అన్నీ కలిసి కాల్చినది 33,759 ఎకరాలు మాత్రమే.

అంతకుముందు పార్కు దస్తరాలలో ఉన్న పెద్ద మంట 1931లో హార్ట్ సరస్సు దగ్గర వచ్చినది, సుమారు 18,000 ఎకరాలు. దస్తరం చూచి మాట్లాడేవానికి ఇంతకు మించిన మంట ఈ అడవిలో రాదని తోచడం సహజం. కాని దస్తరం వయస్సు వంద యేండ్లు. చెట్టు వయస్సు మూడు వందలు. విలియం రోమ్ అనే శాస్త్రజ్ఞుడు పార్కులోని చెట్లను పరిశోధించి 1982లో ఒక వ్యాసం ప్రకటించినాడు. మంట తగిలి చావకుండా బ్రతికిన చెట్టు మొదట్లో ఒక మచ్చ పడుతుంది. ఆ తరువాత చుట్టూ పెరిగిన వలయాలు లెక్కబెట్టితే ఆ మంట ఏ యేట వచ్చినదో తేలుతుంది. ఈ లెక్క ప్రకారం పద్దెనిమిదవ శతాబ్దంలో అక్కడ చాలా పెద్ద మంటలు వచ్చినవి; ఒకే చోటికి అటువంటి మంట తిరిగి రావడానికి మూడు నాలుగు వందల యేండ్లు పడుతుంది. ఇది 1988కి ఆరేళ్ళ ముందే అచ్చైనది. చదివినవారు తక్కువ.

1988 వసంతంలో వానలు బాగానే పడినవి. జూన్ నుండి మొగం చాటువేసినవి. ఆ వేసవి పార్కు చరిత్రలో నమోదైన వేసవులన్నిటిలోను పొడి వేసవి. జూలై 15 నాటికి ఆ ప్రాంతమంతటా కాలినది 8,500 ఎకరాలు. జూలై 21న అన్ని మంటలనూ ఆర్పవలసినదని ఉత్తరువు అయినది. నెలాఖరుకు పార్కులోనే 99,000 ఎకరాలకు పైగా. ఆగస్టు మొదట నిపుణులు కూర్చొని గణితం వేసి, మంటలు ఇంతవరకే పోగలవని ఒక పటం గీసినారు. పక్షం రోజులు పైబడగానే మంట ఆ గీతలను దాటిపోయినది. ఆగస్టు 20వ తేదీని అక్కడివారు నల్ల శనివారం అంటారు. పెనుగాలి వీచి ఆ ఒక్కరోజే లక్షా యాభైవేల ఎకరాలకు పైగా అంటుకొన్నవి. నిప్పుకణికలు మైలు దూరం ముందుకు ఎగిరి పడినవి. రోడ్లు, నదులు సరే, ఎల్లోస్టోన్ మహాలోయనే మంట దాటినది. సెప్టెంబరు 7న ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే ప్రసిద్ధమైన వేడినీటి బుగ్గ దగ్గరకు వచ్చినది. అక్కడ 1904లో పూర్తియైన దుంగల సత్రం ఉన్నది. ఇంటి కప్పు మీద నీళ్ళు చిమ్ముతూ, గాలి కూడ కాస్త ప్రక్కకు తిరగడం వలన దానిని దక్కించుకొన్నారు. సెప్టెంబరు 11న మంచు రాలినది. 25,000 మంది మనుష్యులు, 12 కోట్ల డాలర్లు చేయలేని పనిని పావు అంగుళం తడి చేసినది.

ఇక లెక్కల సంగతి. ఆ వేసవిలో దేశమంతా టెలివిజను చూచి ఎల్లోస్టోన్ సర్వనాశనమైనదని నమ్మినది. ఒక టెలివిజను సంస్థ ఎవరో యాత్రికుని పార్కుల సర్వీసు డైరెక్టరని పేరుపెట్టి చూపించినది కూడ! పొగలో ఎవరి మొగం ఎవరికి కనబడును? కాన్‌రాడ్ స్మిత్ అనే పరిశోధకుడు ఆ వార్తలన్నీ పరిశీలించి 1992లో ఒక గ్రంథమే వ్రాసినాడు. వార్తలలో మంట ఉన్నది కాని అడవి లేదన్నది దాని సారాంశమని చెప్పుకోవచ్చును. ఇంకొక పొరపాటు ఇంతకన్నా బరువైనది. పార్కువారు కాలనిచ్చినారు కాబట్టి కాలినది అని జనం అన్నారు. నిజానికి కాలిన నేలలో నూటికి తొంభై ఐదు వంతులకు పైగా ఏడు పెద్ద మంటల వలన కాలినది. ఆ ఏడింటిలో ఐదు పార్కు వెలుపల పుట్టినవి. మూడు మనుష్యుల వలన పుట్టినవి. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ మీదికి వచ్చిన నార్త్ ఫోర్క్ మంట ప్రక్క అడవిలో కట్టెలు కొట్టేవాడు పారవేసిన సిగరెట్టు వలన జూలై 22న పుట్టినది; దానిని మొదటి రోజునుండి ఆర్పుతూనే ఉన్నారు. అయినా నింద విధానం మీదనే పడినది. విధానాన్ని కొంతకాలం నిలిపివేసి, సవరించి, 1992లో గాని మరల అమలులోకి తేలేదు. లెక్క తప్పితే పోయేది కాగితం మీది అంకె మాత్రమే కాదు.

ఎంత కాలినది? మొదటి అంచనా దాదాపు పది లక్షల ఎకరాలు; పార్కులో సగానికి దగ్గర. ఇది అబద్ధం కాదు, కొలిచిన పద్ధతి అట్టిది. విమానం మీద పోయి మంట పొలిమేర చుట్టూ గీత గీస్తారు. రాత్రిపూట వేడిమిని పట్టే యంత్రాలతో పొగలోనుండి కూడ ఆ పొలిమేరను చూడగలరు. గీత లోపలి నేలనంతా కాలినదిగా కడతారు. కాని మంట మన పొలం కోతవలె వరుసగా పోదు. ఒక గుట్టను బూడిద చేసి, ప్రక్క గుట్టను తాకకుండా, ఒకచోట కొమ్మల చివరిదాకా, మరొకచోట నేలమీది ఆకులు మాత్రమే కాల్చి పోతుంది. గీత లోపల పచ్చని దీవులు ఎన్నో మిగులుతవి.

అందుచేత ఉపగ్రహం పటాలను తీసుకొన్నారు. లాండ్‌శాట్ ఉపగ్రహం నేలను ముప్పై మీటర్ల చదరాలుగా చూస్తుంది; ఒక్కొక్క చదరం మన లెక్కలో ఇరవై రెండు సెంట్ల నేల. పచ్చని ఆకు మన కంటికి కనబడని పరారుణ కాంతిని బాగా తిప్పికొట్టుతుంది, మాడిన నేల కొట్టదు. ఈ తేడాను పట్టి చదరం చదరానికి జాతి నిర్ణయించి, విమానం మీదనుండి, కాలినడకన పోయి సరిచూచి, 1989లో తేల్చిన అంకె 7,93,880 ఎకరాలు, పార్కులో నూటికి 36 వంతులు. కొమ్మలతో సహా కాలిన అడవి 3,23,291 ఎకరాలు. అక్కడక్కడ రకరకాలుగా కాలినది 2,81,098. గడ్డిమైదానాలు, పొదలు 51,301. జాతి విడదీయరానిది 37,202. చివరి పద్దు నాకు అన్నిటికన్నా నచ్చినది: 1,00,988 ఎకరాలు, పైన చెట్లు పచ్చగా ఉండి క్రింద నేల మాత్రమే కాలడం వలన ఉపగ్రహానికి కనబడనిది. మాకు పైనుండి కనబడలేదని పద్దులోనే వ్రాసుకొన్న గుమాస్తాను నమ్మవచ్చును.

అంతటితో ఊరుకోలేదు. నేలలోని విత్తనాలు, వేళ్ళు సైతం మాడేంత వేడి తగిలినది కాలిన నేలలో వెయ్యింటికి ఒక వంతేనని త్రవ్వి చూచి తేల్చినారు. జంతువుల కళేబరాలు వెదకి లెక్కించినారు. ఆ ప్రాంతం మొత్తంమీద నలభై యాభై వేల ఎల్కులుండగా చచ్చినవి సుమారు 345. ఎక్కువభాగం పొగ పీల్చి చచ్చినవే. మరుసటి శీతకాలంలో మేత లేక, చలికి చచ్చినవి ఇంతకు ఎన్నో రెట్లు. వాటి బొమ్మలు మాత్రం టెలివిజనులో రాలేదు. మనుష్యులలో పార్కు వెలుపల ఇద్దరు చనిపోయినారు. 1994లో రాదర్‌మెల్, హార్ట్‌ఫర్డ్, ఛేజ్ అనే ముగ్గురు, ఏ మంట ఏ రోజున ఎక్కడిదాకా పోయినదో రోజువారీగా పటాలు గీసి ప్రకటించినారు. ఆరేళ్ళు ఓపిక పట్టి వేసిన పటాలవి. మంటకు కూడ దినచర్య ఉన్నదని అవి చూస్తే తెలుస్తుంది: రోజుల తరబడి కదలక, గాలి వచ్చిన నాడు మాత్రం ఉరుకుతుంది. 2000లో మరికొందరు ఒక చిన్న సరస్సు అడుగు బురదలోని బొగ్గు పొరలు లెక్కబెట్టి పదిహేడు వేల యేండ్ల మంటల చరిత్ర వ్రాసినారు.

ఇది దూరపు సంగతి అనుకోనక్కరలేదు. కర్ణాటకలోని మనవారికి బండిపుర అడవి తెలియనిది కాదు. 2019 ఫిబ్రవరిలో అది కాలినప్పుడు చేతిలోని ఫోనులలో తిరిగిన బొమ్మలు కొన్ని ఎక్కడివో, ఎప్పటివో. కాలిన నేలను ఉపగ్రహ పటాల మీద కొలిచినది మన హైదరాబాదులోని జాతీయ దూరగ్రాహక కేంద్రంవారు. పదివేల ఎకరాలకు పైగా తేలినది.

ఎల్లోస్టోన్‌లో లాడ్జిపోల్ పైన్ కాయలు కొన్ని జిగురుతో బిగిసి ఉండి మంట వేడికి గాని విచ్చవు. కాబట్టి 1988 బూడిదలో మరుసటి యేడే మొలకలు లేచినవి. ఎన్ని లేచినవో మోనికా టర్నర్ మొదలైనవారు గుర్తులు పాతి, యేటేటా పోయి లెక్కబెట్టినారు. 2016లో మేపుల్ మంట అనేది వచ్చి, 1988లో కాలిన చోటనే, ఇరవై ఎనిమిదేళ్ళ లేత చెట్లను మరల కాల్చినది. పాత లెక్క చేతిలో ఉండబట్టి ఈసారి మొలకలు మునుపటికన్నా చాలా తక్కువగా వచ్చినవని 2019లో వారు అచ్చువేయగలిగినారు.