పడ్రె బాలుర నెత్తురులో తేలిన సంగతి

కేరళ ఉత్తరపు కొసన కాసరగోడ్ జిల్లాలో, ఎర్రరాతి గుట్టల మీద ప్రభుత్వ ప్లాంటేషన్ కార్పొరేషన్ పెంచిన జీడిమామిడి తోటలకు, లేత చిగుళ్లనూ పూగుత్తులనూ పీల్చి మాడ్చే టీ దోమను అణచడానికి, 1970ల చివరి నుంచి 2000 దాకా ఏటా రెండు మూడు సార్లు హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు చల్లుతూ వచ్చారు. తోటలు గుట్టల పైన, ఇళ్లు వాలులో ఉండేవి. ఆ ప్రాంతంలో నీటి కోసం గుట్ట పక్కన అడ్డంగా తొలిచిన సొరంగాన్ని సురంగం అంటారు; రాతిపొరల్లోంచి ఊరే సన్నని ధారను బయట మట్టికట్ట వేసిన గుంటలోకి మళ్లించి, తాగడానికీ పోకతోటలకూ వాడుకొంటారు. మందు చల్లే రోజున బావికైతే మూత వేయవచ్చు గాని, గుట్టలో ఊరే నీటికి మూత వేసే ఉపాయం ఎవరికీ లేదు.

ఆ ప్రాంతంలో వంకర కాళ్లతో పుట్టిన దూడల గురించి పాత్రికేయుడు శ్రీపడ్రె 1980ల తొలినాళ్లలోనే రాసినా, మనుషులకు జరిగిన హానికి కొలతలు దొరకడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ శాస్త్రవేత్తలు అదే జిల్లాలోని పడ్రె గ్రామంలో 10 నుంచి 19 ఏళ్ల బాలురు 117 మందినీ, మందు చల్లని ఊరి బాలురు 90 మందినీ పరీక్షించి, 2003లో ఫలితాలు ప్రకటించారు. పడ్రె బాలురలో ఈడు వచ్చే లక్షణాలు ఆలస్యమయ్యాయి. రక్తంలో పురుష హార్మోనైన టెస్టోస్టిరాన్ తగ్గగా, మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి స్రవించే ల్యూటినైజింగ్ హార్మోన్ పెరిగింది. ఈ రెండో హార్మోన్ ముష్కాల్లోని లీడిగ్ కణాలకు టెస్టోస్టిరాన్ తయారుచేయమని అందే ఆదేశం వంటిది కనుక, ఆదేశం పెరిగినా సరుకు తగ్గిందంటే లోపం పైన కాక ముష్కాల్లోనే ఉందని అర్థం. అధ్యయన పద్ధతిపై విమర్శలు వచ్చాయి. అయినా అంత సూటిగా చోటు చూపిన ఆధారం అప్పటికి మరొకటి లేదనే చెప్పాలి.

ఆ పరిశీలన జన్యువుల జోలికి వెళ్లలేదు. టెస్టోస్టిరాన్ పనిచేయాలంటే కణంలో దాన్ని అందుకొనే గ్రాహకం ఉండాలి. ఆ గ్రాహకపు జన్యువు తల్లి నుంచి వచ్చే ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అందులో సీఏజీ అనే మూడక్షరాల ముక్క ఎన్నిసార్లు పునరావృతమవుతుందో మనిషి మనిషికీ మారుతుంది. ఆ సంఖ్యకూ భారతీయ పురుషుల సంతానలేమికీ సంబంధం కనబడలేదని హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధకులు 2002లో తేల్చారు. అయితే గ్రీన్‌లాండ్, స్వీడన్, పోలాండ్, ఉక్రెయిన్ పురుషులపై 2007లో వెలువడిన అధ్యయనంలో, ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో వాడిన పీసీబీల మోతాదు శరీరంలో ఎక్కువున్నప్పుడు, ముక్క ఇరవై సార్ల కంటే తక్కువ ఉన్నవారిలోనే వీర్యకణాలు స్పష్టంగా తగ్గాయి. అంటే ఒంటరిగా ఏ హానీ చూపని తేడా, విషం తోడైనప్పుడు బయటపడవచ్చు. పడ్రెలో ఒకే నీరు తాగిన బాలురందరూ ఒకే తీరున దెబ్బతినకపోవడానికి ఇదీ ఒక కారణమా అన్నది జన్యువులను చూడని ఆ పరిశీలనతో తేలేది కాదు. ఇక ఆ మందు విషయానికొస్తే, సుప్రీంకోర్టు 2011 మే 13న దేశమంతటా ఎండోసల్ఫాన్ తయారీని, అమ్మకాన్ని నిలిపివేసింది.