గోదావరి ఒడ్డున ఒక పునరుజ్జీవనం



"మానవతావాదం" అనే మాట వినగానే మనలో కొందరం భయపడతాం. దేవుణ్ణి పక్కకు నెట్టి మనిషిని సింహాసనం ఎక్కించే బోధ అనుకుంటాం. ఆ మాటను అలా వాడేవారు ఈ రోజుల్లో లేకపోలేదు. కానీ దాని చరిత్ర వేరు. ఇటలీ కవి పెట్రార్క్ 1345లో వెరోనా పట్టణంలో సిసెరో పాత ఉత్తరాలు వెదికి పట్టుకున్నాడు. ఆయన తర్వాత ఎందరో పండితులు మరుగునపడిన గ్రంథాలు వెలికితీసి మూలభాషల్లో చదివారు. వారిలో ఒకడైన ఎరాస్మస్ 1516లో గ్రీకు కొత్త నిబంధనను అచ్చువేయించాడు. దాని ఆధారంగానే లూథర్ 1522లో జర్మన్ కొత్త నిబంధన తెచ్చాడు. సామాన్యుడు తన భాషలో వాక్యం చదువుకోవడానికి ఆ పండితుల శ్రమ కూడా ఒక మెట్టు అయ్యింది.

అలాంటి పని మన రాజమండ్రిలోనూ జరిగింది. అక్కడ చాలా భారం ఒక తెలుగు పండితుడి భుజాన పడింది. ఆయన కందుకూరి వీరేశలింగం పంతులు గారు. 1874లో వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు. అదే ఏడు ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి తెరిచారు. పాత కవుల చరిత్రలు పోగుచేశారు. శరీరశాస్త్రం, జంతువుల సంగతులు తెలుగులో రాశారు. సంస్కృత నాటకాలూ ఇంగ్లీషు నాటకాలూ తెలుగులోకి తెచ్చారు.

అయితే ఆ చదువు పుస్తకాల దగ్గరే ఆగలేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు వెలివేసింది. వంటవాళ్లు, నీళ్లు తెచ్చేవాళ్లు మానుకుంటే భార్య రాజ్యలక్ష్మమ్మ గారే నీళ్లు మోసి వంట చేశారు. పంతులు గారు క్రైస్తవులు కారు, బ్రహ్మసమాజస్థులు. అయినా మనిషి దేవుని స్వరూపమందు సృష్టింపబడ్డాడని ఆదికాండములో చదివే మనం ఆ దంపతుల ముందు తల వంచాల్సిందే.

ఆ ఊళ్లోనే తర్వాత దామెర్ల రామారావు గారు పుట్టారు. బొంబాయిలో చిత్రకళ నేర్చుకుని, తిరిగి వచ్చి రాజమండ్రి యువకులకు నేర్పారు. 1925లో మశూచితో చనిపోయేనాటికి ఆయనకు 28 ఏళ్లు నిండలేదు. ఆయన బొమ్మలు ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో నేటికీ చూడవచ్చు.

మరి మన పిల్లల సంగతేమిటి? ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్ అంటాం. బొమ్మ గీస్తే "టైము వేస్టు" అని మందలిస్తాం. సైన్సు ర్యాంకు కోసం, తెలుగు పాస్ మార్కు కోసం, బైబిలు ఆదివారం కోసం అన్నట్టు పంచేశాం. వీటన్నిటినీ చేసిన దేవుడు ఒక్కడే కదా!

ఈ ఎండాకాలం వి.బి.ఎస్.లో ఒక సాయంత్రం పిల్లలకు నక్షత్రాలు చూపిద్దాం. ఒక పూట రంగులు చేతికిద్దాం. ఒక పూట మంచి తెలుగు కథ పైకి చదివిద్దాం. పెద్దలమైన మనం ఇంకొకటి చేయాలి. మన ఇళ్లలో పెళ్లి జరుగుతుంటే, భర్త పోయిన సహోదరి ఇంకా వెనక వరుసలోనే కూర్చుంటోందా? ఆమెను చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకురండి. అక్షింతలు వేసే చేతుల్లో ఆమె చెయ్యి కూడా ఉండాలి.

ప్రభువు మనకు ఆ మనసు ఇచ్చును గాక. ఆమేన్.