టిక్కెట్ల పంపకం – ప్రేక్షక సమూహం: అమెరికను కళాశాలల ఫుట్‌బాల్ చరిత్ర నుంచి

క్రీడల చరిత్ర రాసేవారు ఆటగాళ్ళను గురించి రాస్తారు, శిక్షకులను గురించి రాస్తారు, గెలుపోటముల పట్టికలు ఇస్తారు. చుట్టూ మెట్లమీద కూర్చున్న వేలాది జనాన్ని మాత్రం సముద్రంతోనో ఉప్పెనతోనో పోల్చి వూరుకుంటారు. ఉప్పెన ప్రకృతి శక్తి. దానికి కర్త లేడు. క్రీడారంగంలో జనం అలా కూడరు. ప్రతి మనిషి చేతిలోనూ ఒక టిక్కెట్టు వుంటుంది. ఆ టిక్కెట్టు అతనికి ఎవరిచ్చారు, ఏ షరతు మీద ఇచ్చారు, ఎవరికి ఇవ్వకుండా అతనికి ఇచ్చారు అని అడిగితే, ఆ సమూహం వెనుక ఒక సంఘ వ్యవస్థ బయటపడుతుంది. సినిమాహాలులో నేల, బెంచీ, కుర్చీ తరగతులను ఎరిగిన మనకు ఈ మాట కొత్తది కాదు. అయితే అమెరికా కళాశాలల ఫుట్‌బాల్ చరిత్రలో ఇది ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది. అందుచేత దాన్ని కొంచెం నిదానంగా పరిశీలించడం మంచిది.

ముందు ఆ ఆటను గురించి రెండు మాటలు. మన దేశంలో ఫుట్‌బాల్ అంటే కాలితో బంతిని తన్నే ఆట. అమెరికాలో ఆ పేరుతో పిలిచేది వేరు. కోలగా వుండే బంతిని చేతపట్టి, ఎదుటి జట్టు వరుసను ఛేదించుకుంటూ ముందుకు సాగే ఆట అది. 1869 నవంబరు 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల మధ్య జరిగిన పోటీతో దాని చరిత్రను ప్రారంభిస్తారు. 1903 నాటికి హార్వర్డ్ కాంక్రీటు స్టేడియం కట్టుకున్నది. 1914లో యేల్ విశ్వవిద్యాలయం గిన్నె ఆకారంలో మరింత పెద్దది కట్టి దానికి ‘బౌల్’ అని, అంటే గిన్నె అనే పేరు పెట్టింది. కాలిఫోర్నియాలోని పసదీనా పట్టణం తన నూతన సంవత్సర గులాబీల వుత్సవంలో 1902లో ఒక ఫుట్‌బాల్ పోటీ ఏర్పాటు చేసింది. 1923 నుంచి ఆ పోటీ రోజ్ బౌల్ అనే స్టేడియంలో సాగింది. తరువాత ‘బౌల్’ అన్న మాట కట్టడానికి కాక, ఋతువు చివర జరిగే గొప్ప పోటీకే పేరైపోయింది.

1935 జనవరి 1న మయామీలో ఆరెంజ్ బౌల్, న్యూ ఆర్లియన్స్‌లో షుగర్ బౌల్ పోటీలు మొదలైనాయి. అది ఆర్థికమాంద్యపు కాలమని మరవకూడదు. ఈ పోటీలకు పునాది వేసినవారు ఉపాధ్యాయులు కారు. చలికాలంలో బయటివూళ్ళ యాత్రికులు తమ వూరికి వచ్చి, హోటళ్ళలో దిగి, నాలుగు డబ్బులు ఖర్చు పెట్టాలని కోరుకున్న పట్టణ ప్రముఖులు. షుగర్ బౌల్ ఆలోచన పుట్టింది న్యూ ఆర్లియన్స్‌లోని ఒక దినపత్రిక కార్యాలయంలో. చాలా దశాబ్దాలపాటు దేశవిజేతను నిర్ణయించే పోటీ అంటూ వేరే లేదు. 1936 నుంచి పత్రికా రచయితల ఓట్లు ఒక నిర్ణయం చేస్తూ వుండేవి; జనం దృష్టిలో మాత్రం ఈ బౌల్ పోటీలే ఛాంపియన్‌షిప్ పోటీలు.

ఇక్కడే టిక్కెట్ల ప్రశ్న పుడుతుంది. సొంత వూళ్ళో ఆడేటప్పుడు విశ్వవిద్యాలయమే టిక్కెట్లకు యజమాని. బౌల్ పోటీ మూడో వూళ్ళో జరుగుతుంది. కనుక యజమాని మారిపోతాడు. నిర్వాహకులు రెండు జట్లకూ చెరి కొంత వాటా ఇస్తారు. మిగిలినది తమ వూరి పెద్దలకు, పోషకులకు, అమ్మకానికి వుంచుకుంటారు. గాలరీలో ఏ రంగు ఎంత మేర పరచుకోవాలో బంతి కదలకముందే, ఒక కార్యాలయంలో తేలిపోతుంది.

దీనికి కంటికి కనిపించే నిదర్శనం డాలస్ నగరంలో వుంది. బౌల్ పోటీ కాకపోయినా, అక్కడ 1929 నుంచి ఏటా టెక్సాస్, ఓక్లహోమా విశ్వవిద్యాలయాలు తలపడుతున్నాయి. టిక్కెట్లు చెరిసగం. మైదానానికి సరిగ్గా నడుమ గీసిన గీతకు ఎదురుగా, గాలరీలో ఒక పక్క నారింజరంగు ముగుస్తుంది, మరొక పక్క ఎరుపు మొదలవుతుంది. చూసినవారు ఆశ్చర్యపోతారు. ఆ సరిహద్దును అభిమానం గీయలేదు, పంపకం గీసింది.

రెండు రంగుల బట్టల మధ్య గీసిన గీతతో ఎవరికీ ప్రమాదం లేదు. రెండు రంగుల మనుషుల మధ్య గీసిన గీత సంగతి వేరు. న్యూ ఆర్లియన్స్‌లో షుగర్ బౌల్ జరిగే టులేన్ స్టేడియంలో నల్లజాతి ప్రేక్షకులకు ఒక మూల వేరుగా కేటాయించేవారు. తక్కిన సీట్ల టిక్కెట్ల మీద, ఇది శ్వేతజాతి మనిషికి ఇచ్చినదనీ, మరొకరు వాడితే రాష్ట్ర చట్టాన్ని అతిక్రమించినట్లేననీ అచ్చువేశారు. దేశమంతా వినే పోటీలో, వేలమంది చేతుల్లో వున్న కాగితం ముక్క మీద, జాతివివక్ష ముద్రితమై వుండేది.

1956 జనవరి 2 నాటి పోటీకి పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయాన్ని, జార్జియా టెక్‌ను ఆహ్వానించారు. పిట్స్‌బర్గ్ జట్టులో బాబీ గ్రియర్ అనే నల్లజాతి ఆటగాడున్నాడు. గ్రియర్ జట్టుతోబాటే వుంటాడు, ఆడతాడు అన్నది పిట్స్‌బర్గ్ వారి మొదటి షరతు. తమ వాటాగా వచ్చే టిక్కెట్ల భాగంలో ప్రేక్షకులను జాతినిబట్టి విడదీయరాదన్నది రెండవ షరతు. నిర్వాహకులు ఒప్పుకున్నారు. చరిత్రకారులు మొదటి షరతును గురించి చాలా రాశారు. రెండవదాన్ని గురించి అంతగా రాయలేదు. కాని ఆలోచించి చూస్తే, మైదానంలోకి దిగేవాడు ఒక్క గ్రియర్. గాలరీలో వాటా అంటే వేలమంది. టిక్కెట్ల పంపకం అన్న నీరసమైన ఆఫీసు వ్యవహారం ద్వారా, ఆ స్టేడియంలో కొంత మేర దక్షిణాది కట్టుబాటు ఆ ఒక్కరోజు పనిచేయలేదు. జార్జియా టెక్ వారి వైపు మాత్రం వేర్పాటు అలాగే వుంది. ఒకే కప్పు లేని కట్టడంలో రెండు చట్టాలు పక్కపక్కన కూర్చున్నాయన్నమాట!

పాలకులకు దీని అర్థం బాగానే బోధపడింది. అలబామా రాష్ట్రంలో రోజా పార్క్స్ బస్సులో సీటు వదలనందుకు అరెస్టయింది 1955 డిసెంబరు 1న. ఆ మరునాడే జార్జియా గవర్నరు మార్విన్ గ్రిఫిన్, తమ రాష్ట్రపు జట్టు ఈ పోటీలో పాల్గొనరాదని విశ్వవిద్యాలయ పాలకమండలిని కోరాడు. జార్జియా టెక్ విద్యార్థులు రోడ్డెక్కి గవర్నరు దిష్టిబొమ్మ తగలబెట్టారు. ఆ వూరేగింపులో సమానత్వకాంక్ష ఎంత, ఆట పోతుందన్న కోపమెంత అని తూచితే రెండవదే ఎక్కువ తూగుతుందేమో. అయినా ఒక సంగతి నిజం: వివక్ష తమ సంతోషానికి అడ్డువచ్చినప్పుడు శ్వేతజాతి యువకులు సైతం దాని మీద తిరగబడ్డారు. పోటీ జరిగింది. జార్జియా టెక్ 7–0తో గెలిచింది.

ప్రతీకారం ఆలస్యం కాలేదు. అదే సంవత్సరం జూలైలో లూసియానా శాసనసభ జాతుల కలయికతో ఆటలు ఆడరాదనీ, ప్రేక్షకులను వేరుగా కూర్చోబెట్టాలనీ చట్టం చేసింది. ఉత్తరాది విశ్వవిద్యాలయాలు షుగర్ బౌల్ ముఖం చూడడం మానేశాయి. ఆటల నిషేధం చెల్లదని 1959లో సుప్రీంకోర్టు ఖాయపరచింది. సీట్ల వేర్పాటు కూడా 1964 ప్రారంభంలో అదే కోర్టులో వీగిపోయింది. ఆ జూలైలో వచ్చిన పౌరహక్కుల చట్టం దేశంలోని స్టేడియాలన్నిటిలో దాన్ని నిషేధించింది. 1965 జనవరి 1న సిరక్యూస్ విశ్వవిద్యాలయం నల్లజాతి ఆటగాళ్ళతో న్యూ ఆర్లియన్స్ వచ్చింది. ఆటగాళ్ళ వేర్పాటు కంటే ప్రేక్షకుల వేర్పాటు అయిదేళ్ళు ఎక్కువ బతికిందని పాఠకులు గమనించాలి.

ఆ రాత పోయింది. మరి గాలరీ ప్రజలందరిదీ అయిందా? కాలేదు. జాతి అచ్చువేసిన చోట ఇప్పుడు ధర వుంది. ధరకు ముందు విరాళం వుంది. పెద్ద విశ్వవిద్యాలయాలలో మంచి సీటు కొనే హక్కు రావాలంటే ముందు క్రీడాశాఖకు విరాళం ఇవ్వాలి. ఏళ్ళ తరబడి ఇచ్చిన సొమ్మును పాయింట్లుగా లెక్కగట్టి, ఛాంపియన్‌షిప్ పోటీ టిక్కెట్లు వచ్చినప్పుడు ఆ వరుసలోనే పిలుస్తారు. ఇలాంటి విరాళంలో 80 శాతాన్ని ధర్మకార్యంగా భావించి ఆదాయపు పన్ను మినహాయించాలని 1988లో చట్టం చేశారు. 2017 డిసెంబరులో వచ్చిన చట్టం దాన్ని రద్దుచేసేదాకా, ధనికుడి సీటుకు సామాన్యుడి ఖజానా కొంత చెల్లించింది!

టిక్కెట్ల వాటా వరమే కాదు, భారం కూడా కావచ్చు. 2011 జనవరి 1న ఆరిజోనాలో జరిగిన ఫియెస్టా బౌల్‌కు కనెక్టికట్ విశ్వవిద్యాలయం 17,500 టిక్కెట్లు తీసుకోవడానికి కట్టుబడవలసి వచ్చింది. దేశానికి ఆ చివర నుంచి ఈ చివరకు ఎందరు రాగలరు? వచ్చినవారు కూడా బయట చవకగా దొరుకుతున్న టిక్కెట్లే కొనుక్కున్నారు. అధికభాగం అమ్ముడుపోలేదు, ప్రభుత్వ విద్యాసంస్థకు పదిలక్షల డాలర్లకు మించిన నష్టం. ఖాళీ సీటు సైతం ఎవరో ఒకరి ఖాతాలో పడుతుంది. అది నిర్వాహకుల ఖాతా కాలేదు.

దేశవిజేతను తేల్చే ప్లేఆఫ్ పద్ధతి 2014 ఋతువులో వచ్చింది. దాని మొదటి అంతిమ పోటీ 2015 జనవరి 12న టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో ఒహాయో స్టేట్, ఆరెగన్ విశ్వవిద్యాలయాల మధ్య జరిగింది. వచ్చినవారు 85,000కు పైగా. ఒక్కొక్క విశ్వవిద్యాలయానికి ఇచ్చిన వాటా సుమారు 20,000. అంటే ఆట ఎవరిదో ఆ రెండు సంస్థలకూ కలిపి సగం సీట్లయినా రాలేదు. ఆ వాటాలోనే దాతలు, ఉద్యోగులు, ఆటగాళ్ళ కుటుంబాలు, చిట్టచివర విద్యార్థులు. మిగతా సగానికి పైబడినది నిర్వాహకులది, ప్రకటనదారులది, మార్కెట్టుది.

వాటాను మార్కెట్టు తలక్రిందులు చేయడం కూడా కద్దు. 2024లో ప్లేఆఫ్ 12 జట్లకు పెరిగి, మొదటి అంచె పోటీలు విశ్వవిద్యాలయాల సొంత మైదానాల్లో జరిగాయి. బయటి జట్టుకు 3,500 టిక్కెట్లే. అయినా డిసెంబరు 21న లక్షమందికి పైగా పట్టే ఒహాయో స్టేడియంలో టెనెస్సీ అభిమానులు అంతకు ఎన్నో రెట్లు కనిపించారు. అభిమానానికి అడ్డుకట్ట లేదని సంతోషించేవారు, ఆ టిక్కెట్లు మారుబేరంలో చేతులు మారాయని కూడా గుర్తుంచుకోవాలి. అభిమానం అందరికీ వుంది. మారుబేరపు ధర చెల్లించగల శక్తి కొందరికే వుంది.

“సీట్లు పరిమితం, కోరేవారు అపరిమితం; ఎవరో ఒకరు పంచక తప్పదు గదా?” అని అడగవచ్చు. నిజమే. పంపకం తప్పదు, కాని పంపకానికి కొలమానం ఏమిటన్నదే ప్రశ్న. ఈ ఆట విద్యార్థుల పేర పుట్టింది. ఆడేది విద్యార్థులు. 2021 జూలై దాకా వారికి సొంత పేరు మీద సంపాదించుకునే హక్కయినా లేదు. రాబడిలో నేరుగా వాటా ఇవ్వడం 2025 జూలైలో గాని మొదలు కాలేదు. అటువంటి ఆటకు తోటి విద్యార్థి చివరి వరుసలో నిలబడవలసి రావడం కొలమానపు దోషం కాక మరేమిటి?

1956 పోటీకి పిట్స్‌బర్గ్ పెట్టిన రెండవ షరతు ఇందుకే మనకు విలువైనది. పంపకాన్ని విధిగా భావించి తల వంచకుండా, తన వాటా ఎలా పంచాలో తాను నిర్ణయిస్తానని ఒక విద్యాసంస్థ పట్టుబట్టింది. అచ్చులో వున్న షరతును చూపించి ఎదిరించవచ్చు. ధరలో దాగిన షరతును ముందు బయటికి లాగాలి. ఆ పని చరిత్ర విద్యార్థులది. సమూహపు కేకలు వింటూనే, టిక్కెట్ల లెక్కల పుస్తకం కూడా తెరిచి చదవడం వారు అలవాటు చేసుకోవాలి.